బాబాయి కారుకు కరెంటు ఫ్యాను

మా బాబాయి అంబాసిడర్‌కి, ఇంజిన్ వేడిని మోసుకొచ్చే రేడియేటర్ నీళ్లను చల్లార్చడానికి, కంపెనీ ఇచ్చిన ఫ్యాన్ ఒకటుండేది. ఇంజిన్ తిరిగితే బెల్టు, బెల్టు తిరిగితే ఫ్యాన్. చిక్కల్లా మే నెల విజయవాడ ట్రాఫిక్‌తోనే. బండి ఆగితే ఇంజిన్ నెమ్మదిస్తుంది, దాంతోపాటే ఫ్యానూ. గాలి కావలసిన సమయానికే గాలి ఉండదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆవిరి లేచినప్పుడల్లా బాబాయి నీళ్ల సీసాతో దిగేవాడు. 2014లో తయారీయే ఆగిపోయిన బండిని అమ్మేయమంటే మాత్రం వారం రోజులు మాట్లాడడు.

చివరికి ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఉపాయం చెప్పాడు. "బాబాయిగారూ, పాత మారుతి ఫ్యాన్ ఒకటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. నీళ్లు వేడెక్కితేనే తిరుగుతుంది. ఇంజిన్ మీద లోడు తగ్గి మైలేజీ..." ఆ తర్వాతి మాటలు బాబాయి చెవికెక్కలేదు. ఇక బెల్టుతో పనేముందని దాన్ని పీకించబోయాడు కూడా. వాటర్ పంపు తిరిగేది దాంతోనే అని చెప్పి ఆపాల్సి వచ్చింది. బ్యాటరీని చార్జి చేసే పాత డైనమో ఈ ఫ్యాన్‌కి చాలదని, అంతకన్నా ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేశారు. మైలేజీలో మిగిలేదంతా అక్కడే పోయింది.

మొదటిరోజు ఫ్యాన్ జోరుగా తిరిగింది, కానీ వెనక్కి. ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. ఇంజిన్ వేడంతా గ్రిల్లులోంచి బయటికి తంతుంటే, సిగ్నల్ దగ్గర ముందున్న స్కూటరాయన వెనక్కి తిరిగి బాబాయిని ఎగాదిగా చూశాడు. బండి కదిలితే ఎదురుగాలికీ ఫ్యాన్ గాలికీ రేడియేటర్ దగ్గరే కుస్తీ. వైర్లు మార్చేసరికి సర్దుకుంది.

అసలు ముచ్చట మా చెల్లెలి పెళ్లిలో జరిగింది. ఫ్యాన్ వైరు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి ఇచ్చాడు మెకానిక్. ఇంజిన్ ఆపాక కూడా నీళ్లు చల్లారేదాకా తిరిగి, ఆగాలి. కానీ నీళ్ల వేడిని బట్టి ఫ్యాన్‌ని వేసి ఆపే చవకరకం స్విచ్ అతుక్కుపోయి ఆగలేదు. మేళతాళాల హోరులో పూలదండల కింద ఫ్యాన్ రాత్రంతా తిరుగుతున్న సంగతి ఎవరికీ వినపడలేదు.

తెల్లవారుజామున అప్పగింతలు. పెళ్లికూతురు ఏడుస్తోంది, పిన్ని ఏడుస్తోంది, వీడియో ఆయన దగ్గరకొచ్చి లైటు వేశాడు. బాబాయి కళ్లు తుడుచుకుని తాళం తిప్పాడు. టక్. మళ్లీ టక్. మగపెళ్లివారు పట్టుపంచెలు ఎగ్గట్టి తోశారు. వియ్యంకుడు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వెనకాల పరుగు. సెకండ్ గేరులో క్లచ్ వదలగానే బండి ఒక్క ఎగురు ఎగిరి అందుకుంది. అప్పటిదాకా ఏడ్చిన పిల్ల పకపకా నవ్వింది. ఆల్బంలో ఆ ఫొటోయే బాగా వచ్చింది.

ఇప్పుడు ఫ్యాన్ కరెంటు భారం స్విచ్ మీద పడకుండా మోసే రిలే పెట్టించి, వైరు తాళం మీదకు మార్పించాడు. తాళం తీస్తే ఫ్యాన్ ఆగుతుంది. అయినా నమ్మకం లేక బండి దిగిన ప్రతిసారీ బానెట్‌కి చెవి ఆనించి వింటాడు. నిన్న అలా వింటుంటే పిన్ని గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, హాల్లో ఫ్యాన్ తిరగక నెలైంది. దాన్నీ ఆ బానెట్ కిందే బిగించమంటారా? అప్పుడైనా బాగు చేయిస్తారు."