ఆర్ఏఎక్స్ దొరకు, హనుమకొండ నుంచి ఒక అర్జీ

ఆర్ఏఎక్స్ దొరకు,

హనుమకొండ నయీంనగర్‌లో అద్దె గదిలో కూర్చుని ఇన్‌లైన్ అసెంబ్లీ (సీ భాష ప్రోగ్రాం మధ్యలో నేరుగా ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు) రాసుకునే ఒకడు, ప్రాసెసర్ లోపల అంకెలు దాచుకునే రిజిస్టర్‌వైన నీకు పంపుకుంటున్న అర్జీ ఇది. మా దగ్గర ఒకప్పుడు దొరకు మొర పెట్టుకోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని గడి ముందు నిలబడి ‘నీ బాంచన్ దొరా’ అనాల్సి వచ్చేదట. ఆ కాలం పోయింది కాబట్టి నేను చెప్పులు వేసుకునే రాస్తున్నా.

ముందు నీ పేర్ల సంగతి తేల్చు. 1978లో ఇంటెల్ 8086 చిప్‌లో పుట్టినప్పుడు నువ్వు 16 బిట్ల మనిషివి, పేరు ఏఎక్స్, పై 8 బిట్లను ఏహెచ్ అనీ కింది 8 బిట్లను ఏఎల్ అనీ పిలిచేవాళ్లు. 1985లో 80386 రాగానే 32 బిట్లకు పెరిగి ఈఏఎక్స్ అయ్యావు. 2003లో ఏఎండీ వాళ్లు ఆప్టెరాన్‌తో 64 బిట్లకు సాగదీస్తే ఆర్ఏఎక్స్ అని కొత్త బోర్డు పెట్టుకున్నావు. సరే, పెరిగావు, సంతోషం, కానీ పాత పేరు ఒక్కటైనా వదిలావా? భూమి ఒక్కటే, పాసుబుక్కులు ఐదు. ఏ పాసుబుక్కు పట్టుకుని వస్తే ఎంత భూమి దున్నుకోవచ్చో, పక్క భూమి ఏమవుతుందో మాత్రం ఎక్కడా బోర్డు మీద రాయలేదు.

ఆ పక్క భూమి దగ్గరే నా గొడవంతా. ఏఎల్ పేరుతో ఒక విలువ రాస్తే కింది 8 బిట్లు మారతాయి, మిగతా 56 బిట్లలో పాత సామాను అలాగే పడి ఉంటుంది. ఏఎక్స్ పేరుతో రాస్తే మిగతా 48 బిట్లు అలాగే ఉంటాయి. ఇంతవరకు ఒక పద్ధతి ఉంది కదా అనుకుని ఈఏఎక్స్ పేరుతో రాస్తే, పై 32 బిట్లూ తుడిచిపెట్టి సున్నా చేసేస్తావు! ఎందుకలా అంటే, పాత పై బిట్ల కోసం ప్రాసెసర్ ఎదురుచూసుకుంటూ నెమ్మదించకూడదని 64 బిట్లు తెచ్చినప్పుడు అలా పెట్టారంటారు. మంచి కారణమే, కాదనను. కానీ ఫలితం చూడు, ఈఏఎక్స్‌ను ఈఏఎక్స్‌లోకే మూవ్ చేయమంటే, అంటే నిన్ను నీలోకే కాపీ చేయమంటే, చూసేవాడికి అది ఏ పనీ లేని పనిలా కనిపిస్తుంది, నువ్వేమో సగం ఆస్తి ఊడ్చేస్తావు. అదే ఒకప్పుడు ఈఏఎక్స్‌ను ఈఏఎక్స్‌తో ఎక్స్‌చేంజ్ చేయమని అర్థమున్న 90 అనే హెక్స్ బైట్ వస్తే ఒక్క బిట్టూ కదలదు, ఎందుకంటే ఆ బైట్‌కు ఏమీ చేయకు అనే అర్థం ఖాయం చేసి ఉంచారు. ఇదేం న్యాయం దొరా?

పట్టని బిట్లను నువ్వు కోసేసే కోత గురించి వేరే చెప్పాలా. ఏనుమాముల మార్కెట్‌కు ఒక రోజు 70,000 మిర్చి బస్తాలు వచ్చాయనుకో, ఆ లెక్క తెచ్చి ఏఎక్స్‌లో పెడితే 65,535 దాటినందుకు నువ్వేం గగ్గోలు పెట్టవు, నిమ్మళంగా 4,464 అని చెప్తావు. యార్డు గుమాస్తా ఇలాంటి చిట్టీ రాసిస్తే రైతులు కాంటాలు ఆపి గేటు ముందు కూర్చుంటారు. నీ గేటు ముందు కూర్చోవడానికి ఎవరున్నారు, నాలాంటోళ్లు నలుగురు తప్ప.

ఇక ఇన్‌లైన్ అసెంబ్లీకి వస్తే నీకు ఒక మంచి తోడు దొరికింది, సీ ప్రోగ్రాంను ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్. జీసీసీ అనే కంపైలర్ మనం కోట్స్ మధ్య రాసిన ఇన్‌స్ట్రక్షన్ అర్థం అసలు చదవదు. ఆపరాండ్ (వేరియబుల్ కోసం %0 అని వదిలిన ఖాళీ) ఉన్న చోట రిజిస్టర్ పేరు అతికించి, ఇన్‌స్ట్రక్షన్లను బైట్లుగా మార్చే అసెంబ్లర్‌కు తోసేస్తుంది, అంతే దాని పని. ఏ పేరు అతికించాలో సీ వేరియబుల్ టైప్‌ను చూసి ఎంచుకుంటుంది, చార్ అయితే ఏఎల్, ఇంట్ అయితే ఈఏఎక్స్, లినక్స్‌లో లాంగ్ అయితే ఆర్ఏఎక్స్. పేరు మనకు నచ్చకపోతే శాతం గుర్తుకూ అంకెకూ మధ్య ఒక అక్షరం పెట్టి మార్చుకోవచ్చు, బీ పెడితే 8, డబ్ల్యూ పెడితే 16, కె పెడితే 32, క్యూ పెడితే 64. మారేది పేరు మాత్రమే, లోపలి విలువ కాదు. ఈ చిన్న సంగతి దగ్గరే కొంపలు మునుగుతాయి.

రెండు విలువలు సమానమైతే ఒకటి, కాకపోతే సున్నా రాసే సెట్‌ఈ అనే ఇన్‌స్ట్రక్షన్ చూడు. అది 8 బిట్లే రాస్తుంది. ఫలితం ఇంట్‌లో కావాలని రాస్తే జీసీసీ ఈఏఎక్స్ అని అతికిస్తుంది, అసెంబ్లర్ సైజు కుదరలేదని కసురుతుంది, మనవాడు ఎక్కడో చదివి బీ తగిలిస్తాడు, ఎర్రర్ మాయం, టీ తాగడానికి పోతాడు. కింది 8 బిట్లలో సున్నా, పై 24 బిట్లలో ఎవరిదో పాత చెత్త, కంపైలర్ మాత్రం 32 బిట్లూ మనవాడు రాసినవే అని నమ్మి ఉంది. అబద్ధం అని రావాల్సిన చోట నిజం అని వస్తుంది. అదీ రోజూ రాదు, డెమో రోజు వస్తుంది. ఫలితాన్ని ముందే చార్‌గా ప్రకటించినా, మూవ్‌జెడ్‌ఎక్స్‌తో పై బిట్లు సున్నా చేసినా సరిపోయేది, కానీ ఎర్రర్ పోయాక ఎవడు చూస్తాడు?

మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్న కాజీపేట తమ్ముడికి ఇంకో రకం దెబ్బ తగిలింది. అర్రేలో ఎలిమెంట్ తీసుకోవడానికి బేస్ (అర్రే మొదలయ్యే అడ్రస్) 64 బిట్లు, ఇండెక్స్ (ఎన్నో ఎలిమెంట్ అనే అంకె) 32 బిట్ల ఇంట్. రెండు సైజులు కలిపి అడ్రస్ రాస్తే అసెంబ్లర్ ఒప్పుకోదు కాబట్టి ఇండెక్స్‌కు క్యూ పెట్టాడు. సున్నా, ఒకటి, పది, అన్నీ బాగానే పనిచేశాయి. ఇండెక్స్ −1 వచ్చిన రోజు ప్రోగ్రాం కూలిపోయింది. “అన్నా, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, మరి ఎందుకు పడిపోతుంది?” అని అడిగాడు. 32 బిట్ల −1 పైన నువ్వు పెట్టిన సున్నాలు కూర్చుంటే అది 4,294,967,295 అవుతుంది, ఒక్కో ఎలిమెంట్ 4 బైట్లు, అంటే వెనక్కి 4 బైట్లు పోవాల్సినవాడు ముందుకు దాదాపు 16 జీబీ పోయాడు. పైగా ఆ పై బిట్లలో సున్నాలే ఉంటాయన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. అసెంబ్లీలోకి పంపే ముందే సీ లోనే 64 బిట్లకు మార్చి పంపితే సైన్ (మైనస్ గుర్తు) సంగతి కంపైలరే చూసుకుంటుందని చెప్పా. లాంగ్ అని రాయకు, 64 అంకె కనిపించే టైప్ రాయి, విండోస్‌లో 64 బిట్ల మెషిన్ మీద కూడా లాంగ్ అంటే 32 బిట్లే అని కూడా చెప్పా. (అక్కడ మైక్రోసాఫ్ట్ కంపైలర్ 64 బిట్లలో ఇన్‌లైన్ అసెంబ్లీనే తీసేసింది. ఒకప్పుడు తిట్టుకున్నా, ఇప్పుడు వాళ్ల బాధ అర్థమవుతోంది.) ఫోన్లలో ఉండే ఆర్మ్ రిజిస్టర్లకు కూడా ఈ రోగం ఉంది, అక్కడ డబ్ల్యూ, ఎక్స్ అని రెండు పేర్లు, కానీ క్లాంగ్ అనే కంపైలర్ కనీసం సైజు కుదరట్లేదు చూసుకో అని ఒక వార్నింగ్ ఇస్తుంది.

ఇవన్నీ పోనీ అనుకున్నా. ఈ అర్జీ రాయించింది ఆర్డీటీఎస్‌సీ.

అది టైమ్ కొలవడానికి ప్రాసెసర్ కౌంటర్ చదివే ఇన్‌స్ట్రక్షన్. 64 బిట్ల లెక్కను రెండు ముక్కలు చేసి పై సగం ఈడీఎక్స్ అనే ఇంకో రిజిస్టర్‌లో, కింది సగం నీలో పెడుతుంది. మా ఆఫీసులో టైమింగ్ కోడ్ 32 బిట్ల కాలం నాటిది, అందులో పెద్ద ఏ అనే కన్‌స్ట్రెయింట్ (ఏ రిజిస్టర్ వాడాలో కంపైలర్‌కు చెప్పే అక్షరం) వాడారు, అప్పట్లో దానికి రెండు రిజిస్టర్లూ కలిపి అని అర్థం. 64 బిట్లకు వచ్చాక అదే అక్షరానికి ఇద్దరిలో ఎవరో ఒకరు అని అర్థం మారింది. కంపైల్ చేస్తే చప్పుడు లేదు. కింది 32 బిట్లు మాత్రమే వస్తున్నాయి. కౌంటర్ 3 గిగాహెర్ట్జ్‌తో తిరిగితే ఆ కింది సగం ప్రతి 1.43 సెకన్లకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి 5 సెకన్ల పని రిపోర్టులో 0.7 సెకన్లుగా పడింది. దాదాపు సగం సార్లు తేడా మైనస్‌లోకి పోయి, అది అన్‌సైన్డ్ (మైనస్ తెలియని అంకె) కాబట్టి ఆకాశమంత అంకెగా వచ్చేది. వాటిని ఏ పుణ్యాత్ముడో ఔట్‌లయర్స్ అని పేరు పెట్టి ఫిల్టర్‌తో తీసేశాడు. మిగిలిన 0.7లతో గ్రాఫ్ గీశారు, స్లైడ్ చేశారు, మేనేజర్ చూసి మురిసిపోయాడు, టీమ్‌కు శాలువా కప్పడం ఒక్కటే తక్కువ.

నేను సరిచేశా. రెండు ముక్కలు విడివిడిగా తీసుకుని, పై ముక్కను ముందు 64 బిట్లు చేసి, ఎడమకు 32 జరిపి కలిపా. ముందు 64 చేయకుండా జరిపితే నువ్వు ఏం చేస్తావో తెలుసు నాకు, 32 బిట్ల రిజిస్టర్‌ను 32 జరపమంటే ఆ 32ను సున్నాగా లెక్కేసి కూర్చున్న చోట నుంచి కదలవు. ఇప్పుడు రిపోర్టులో 5 సెకన్లు అని నిజం కనిపిస్తోంది. దానికి నాకు వచ్చిన మెయిల్ ఏంటంటే, ప్రోగ్రాం ఏడు రెట్లు స్లో అయింది, చివరి మార్పు ఎవరిది?

ఏ లైన్ ఎవరు మార్చారో రాసిపెట్టే గిట్‌లో చూస్తే ఆ లైన్ పక్కన నీ పేరు లేదు, నా పేరు ఉంది. సోమవారం పదకొండు గంటలకు మీటింగ్ పెట్టారు. లింక్ పంపుతున్నా, నువ్వే వచ్చి చెప్పుకో. వచ్చేటప్పుడు పై 32 బిట్లు కూడా వెంట తెచ్చుకో.

ఇట్లు,
గిట్ బ్లేమ్‌లో పేరున్నవాడు