“పుస్తకం చదివితే దుఃఖం పోతుంది” అనే ఆ మెసేజ్ గురించి

ఎవరింట్లోనైనా ఒక మనిషి పోగానే ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ ప్రత్యక్షమవుతుంది, మీకూ వచ్చే ఉంటుంది. “దుఃఖానికి పుస్తకమే మందు” అని మొదలవుతుంది. రోజుకి ఆరు నిమిషాలు చదివితే బాధ 68 శాతం తగ్గుతుందని, దుఃఖానికి ఐదు మెట్లుంటాయని, అవి దాటితే అయిపోతుందని, గీత చదివినవాడు ఏడవడని, విషాద పుస్తకాలు ముట్టుకోవద్దని, నలభై రోజులు ఇలా చేస్తే డాక్టర్లూ మాత్రలూ అక్కర్లేదని చెప్పి, చివర దణ్ణం పెట్టే బొమ్మ. నాన్న పోయిన వారంలో నాకు ఇది ఒకరి తర్వాత ఒకరు పంపారు. పంపినవాళ్ల మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. పుస్తకాల మీద నాకూ గురి ఉంది, అసలు కోపం అందుకే వస్తోంది. అవి చేయలేని పనిని వాటి నెత్తిన రుద్ది, నిజంగా చేసే పనిని పక్కన పడేసింది ఈ మెసేజ్.

ముందు ఆ 68 శాతం సంగతి చూద్దాం. ఈ అంకె 2009 నాటిది. బ్రిటన్‌లో సస్సెక్స్ యూనివర్సిటీ దగ్గర మైండ్‌ల్యాబ్ అనే సంస్థ కొద్దిమంది వాలంటీర్లకి టెన్షన్ పుట్టించే పనులేవో ఇచ్చి, ఆ తర్వాత చదివించి, పాటలు వినిపించి, టీ తాగించి, నడిపించి, గుండె వేగం, కండరాల బిగువు ఎంత తగ్గాయో కొలిచింది. వేరే నిపుణులు పరిశీలించాక సైన్సు పత్రికలో వచ్చిన పరిశోధన కాదు, వార్తల్లో తిరిగిన ఫలితం. పైగా అక్కడ కొలిచింది కాసేపటి టెన్షన్ని. నిన్నటిదాకా పక్క గదిలో దగ్గిన మనిషి ఇవాళ లేకపోవడాన్ని ఎవరూ కొలవలేదు. అన్నట్టు, అదే టెస్టులో సంగీతానికి 61 శాతం, టీ కప్పుకి 54 శాతం వచ్చాయి. మరి “దుఃఖానికి టీయే మందు” అని ఎవరూ ఫార్వర్డ్ చేయరేం?

అసలు ఆ రోజుల్లో చదవడం ఎవరివల్ల అవుతుంది? కళ్లు లైను మీద నడుస్తుంటాయి, పేజీ చివరికొచ్చేసరికి పైన ఏముందో గుర్తుండదు, మళ్లీ మొదటికి. దగ్గరివాళ్లు పోయినప్పుడు నిద్రా ఆకలితో పాటు ఏకాగ్రత కూడా పోతుంది, చాలామందికి జరిగేదే ఇది. ఆరు నిమిషాల లెక్క నమ్మి పుస్తకం పట్టుకుని, ఒక్క ముక్క బుర్రకెక్కక, “నాకు ఇది కూడా చేతకాలేదు” అని ఇంకాస్త కుంగిపోయేవాళ్ల గురించి ఆ మెసేజ్ రాసినాయన ఆలోచించినట్టు లేదు.

“దుఃఖానికి ఐదు మెట్లు.” ఇది ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే డాక్టర్ 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆవిడ మాట్లాడింది చావుకి దగ్గరైన రోగులతో. తమ చావు తప్పదని తెలిసినవాళ్లు ఏమేం అనుభవిస్తారో రాసింది. పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లకి దాన్ని అంటగట్టడం తర్వాత జరిగింది. డేవిడ్ కెస్లర్‌తో కలిసి రాయగా 2005లో అచ్చయిన పుస్తకంలో దుఃఖం గురించే చెబుతూ, ఈ దశల్ని జనం అపార్థం చేసుకున్నారనీ, అవి అందరికీ వరసగా వచ్చేవి కావనీ వాళ్లే రాశారు. కాబట్టి “నీకు ఇంకా కోపం దశ రాలేదే” అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

“గీత చదివినవాడు ఏడవడు.” దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చావింట్లో ఎక్కువమంది మీద ప్రయోగించేది దీన్నే. మన ఊళ్లలో ఘంటసాల గొంతులో గీత మైకులో వినపడిందంటే వీధిలో ఎవరో పోయారని అర్థం, ఎంతగా అంటే మామూలు రోజున ఇంట్లో పెట్టుకున్నా పక్కింటివాళ్లు కంగారుగా తొంగిచూస్తారు. “జాతస్య హి ధ్రువో మృత్యుః”, పుట్టినవాడికి చావు తప్పదు. నిజమే. కానీ అది ఎప్పుడు చెప్పిన మాట? యుద్ధం మొదలుకాకముందు, ఇంకా ఒక్కడూ పడకముందు. పదమూడో రోజున అభిమన్యుడు పద్మవ్యూహంలో పోయాడు. ఆ సాయంత్రం శిబిరానికి తిరిగొచ్చిన అర్జునుడు, గీతని పుస్తకంలో కాదు, చెప్పినాయన నోటి నుంచే విన్న మనిషి, భోరున ఏడ్చాడు. కృష్ణుడు పక్కనే ఉన్నాడు. “మొన్ననే కదయ్యా అంత చెప్పాను” అని దెప్పలేదు, ఓదార్చాడు. తర్వాత సుభద్ర దగ్గరికీ ఆయనే వెళ్లాడు.

అక్కడితో ఆగలేదు భారతం. యుద్ధం అయ్యాక స్త్రీపర్వం అని ఒక పర్వం పర్వమే ఉంది, తిక్కన తెలుగు చేసిన పదిహేనింటిలో అదీ ఒకటి. రణభూమిలో ఒక్కో శవం దగ్గర ఆగి గాంధారి ఏడ్చే ఏడుపు, కోడళ్ల ఏడుపు, అదంతా అయ్యేదాకా ఎవరూ “ఊరుకోండమ్మా, పాజిటివ్‌గా ఉండండి” అని నోరు నొక్కరు. గీతా, స్త్రీపర్వమూ రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి, ఒకదాన్ని మాత్రం కత్తిరించుకుని ఏడ్చేవాళ్ల నోటికి అడ్డం పెడతామంటే ఎలా? గీత చదివి నిలదొక్కుకున్నవాళ్లు నాకూ తెలుసు. వాళ్లు తమంతట తాము తెరిచి చదివినవాళ్లు, శవం లేవకముందే పక్కనెవరో అప్పజెబితే విన్నవాళ్లు కాదు.

“విషాద పుస్తకాలు వద్దు, ఉత్సాహాన్నిచ్చేవే చదవండి.” మరి చాలా ఇళ్లలో కర్మ జరిగే రోజుల్లో గరుడ పురాణం చదివించడం దేనికి? అదేమన్నా హాస్య గ్రంథమా? ఇంగ్లిష్ రచయిత సి.ఎస్. లూయిస్ బాధ అనే విషయం మీద 1940లోనే పుస్తకం రాశాడు. 1960లో భార్య పోయేసరికి ఆ చదువూ ఆ తర్కమూ ఆయన్ని కాపాడలేకపోయాయి. అప్పుడు నోట్‌బుక్కుల్లో గీసుకున్న గోడునే 1961లో మారుపేరుతో అచ్చువేయిస్తే, ఆ రచయిత ఎవరో తెలియని స్నేహితులు ఓదార్పుగా ఉంటుందని దాన్ని తెచ్చి ఆయనకే ఇచ్చారట! ఆ పుస్తకంలో ఉత్సాహం వెతికినా దొరకదు, అయినా ఇప్పటికీ జనం చదువుతున్నారు.

ఇంకో ముచ్చట. అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ భర్త 2003 డిసెంబర్‌లో భోజనాల బల్ల దగ్గరే కుప్పకూలి పోయాడు. ఆవిడ కవిత్వం చదివింది, డాక్టర్ల పుస్తకాలూ చదివింది, కానీ మనసుకి పట్టిన వాటిలో ఒకటి 1922 నాటి మర్యాదల పుస్తకంలోని అంత్యక్రియల అధ్యాయం. ఏడ్చేవాళ్లని “తింటారా” అని అడక్కుండా వేడి టీయో సూపో తెచ్చి చేతికివ్వండి అని ఉంటుంది అందులో. చావింట్లో పొయ్యి వెలిగించరని పక్కింటివాళ్లు క్యారేజీ పంపే మనకి ఇది కొత్తేం కాదు.

నా మటుకు నేను ఆ ఏడాది ఏం చదివానంటే, మొదట ఏమీ లేదు, తర్వాత పాత డిటెక్టివ్ నవలలు (హంతకుడెవరో ముందే తెలిసినవి), ఆ తర్వాత నాన్న పంచాంగాలు. ఆయనకి పంచాంగం మార్జిన్లలో రాసుకునే అలవాటు. “గ్యాస్ బుక్ చేయడమైనది.” “పాలవాడికి 1,340, చిల్లర 20 రావలెను.” ఒక అమావాస్య పక్కన సన్నటి అక్షరాల్లో “మోకాలు నొప్పి, ఎవరికీ చెప్పలేదు.” ఆ ఇరవై రూపాయలు తిరిగొచ్చాయో లేదో తర్వాతి పేజీల్లో వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. బాధ తగ్గిందా అంటే లేదు, ఆ మోకాలి దగ్గర ఇంకాస్త పెరిగింది కూడా. కానీ ఆ కాసేపు ఆయనతో ఉన్నాను, అది నాకు కావలసింది. ఏ “తప్పక చదవాల్సిన ఏడు పుస్తకాల” లిస్టులోనూ ఇది ఉండదు.

ఇక చివరిది, “నలభై రోజులు చదివితే డాక్టర్ అక్కర్లేదు.” ఇది అబద్ధమే కాదు, ప్రమాదం కూడా. ఏడాది తర్వాత ఒక పాట విని కళ్లు తడిస్తే అది జబ్బు కాదు. కానీ నెలలు గడిచినా రోజూ అదే తీవ్రతతో ఉండి, పనీ తిండీ మనుషులూ అన్నీ ఆగిపోతే దానికి వైద్యంలో వేరే పేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కనీసం ఆరు నెలలు అంటుంది, అమెరికన్ సైకియాట్రిస్టులు 2022లో పెద్దవాళ్లకి ఏడాది అని గీత గీశారు. దానికి కౌన్సెలింగ్ ఉంది, చికిత్స ఉంది. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఏ గడువూ చూడక్కర్లేదు, అదే రోజు ఎవరితోనైనా మాట్లాడాలి. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. గ్రూపులో ఏదో ఒకటి పెట్టకపోతే ఊరుకోలేమంటే ఈ నంబర్ పెట్టండి.