డబుల్ నాలుగు, ఎడమ చెప్పు

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఇప్పుడు డార్ట్ బోర్డు (గురిచూసి చిన్న బాణాలు విసిరే, అంకెల గడులున్న గుండ్రటి బోర్డు) లేదు. మొన్న ఆదివారం సాయంత్రం నాలుగింటికి తగిలించారు, ఏడున్నరకల్లా దించేశారు. మధ్యలో ఏం జరిగిందో చెప్పేముందు దాన్ని ఎలా తగిలించారో చెప్పాలి. ఎందుకంటే తప్పు తగిలించడంలో లేదు. ఆ ఒక్క సంగతైనా రికార్డులో ఉండాలి.

నేల నుంచి బుల్ (బోర్డు మధ్యలోని చిన్న వలయం) నడిబొడ్డుకి 5 అడుగుల 8 అంగుళాలు, అంటే 1.73 మీటర్లు. బోర్డు పైఅంచుకి కాదు, మేకుకీ కాదు. విసిరేవాడు నిలబడే గీతని ‘ఓకీ’ అంటారు. అది బోర్డు ముఖం నుంచి 2.37 మీటర్లు ఉండాలి. గోడ నుంచి కొలిచేవాళ్లందరూ ఇక్కడే బోల్తా పడతారు. బోర్డు మందం, వెనక క్లిప్పూ కలిపి నాలుగైదు సెంటీమీటర్లు ముందుకొస్తాయి కదా. మా క్లబ్‌హౌస్‌లో పరిచినవి 60 సెంటీమీటర్ల టైల్స్ కాబట్టి, గోడ నుంచి నాలుగు టైల్స్ దాటి ఇంకో సెంటీమీటరున్నర దగ్గర టేపు అంటిస్తే సరి. అనుమానం తీరకపోతే బుల్ నుంచి గీతకి ఏటవాలుగా కొలిచి చూసుకోవాలి. 2.93 మీటర్లు రావాలి. వచ్చింది. డార్ట్స్ తెలిసినాయన మూడుసార్లు కొలిచాడు.

ఆ డార్ట్స్ తెలిసినాయన ఎవరన్నది ఇక్కడ అనవసరం. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ అలాంటివాడు ఒకడుంటాడు, ఏ ఫ్లాటని అడక్కండి.

“సెంటీమీటరున్నర ఏం చేసుకుంటాం సార్, నాలుగు టైల్స్ అయ్యాయిగా” అన్నారు సెక్రటరీ గారు. ఆయనతో ఈ విషయంలో వాదన పెట్టుకోవడం అనవసరం. కానీ బోర్డు సంగతి మాత్రం వదిలిపెట్టేది లేదు. కమిటీకి రాసిచ్చిన కాగితంలో స్పష్టంగా ఉంది: నార బోర్డు కొనండి అని. కత్తాళ నారని కట్టలు కట్టి, కొసలు మనవైపు ఉండేలా బిగించి చేస్తారు దాన్ని. డార్ట్ మొన నార పోగుల మధ్యకి దూరుతుంది, లాగితే పోగులు మళ్లీ దగ్గరికొచ్చి కన్నం పూడిపోతుంది. గడుల్ని విడదీసే వైరు సన్నని బ్లేడులా ఉండాలి, పైన స్టేపుల్ పిన్నులు ఉండకూడదు. ఇవన్నీ అండర్‌లైన్ చేసి మరీ ఇచ్చాడాయన. కమిటీ మూడు కొటేషన్లు తెప్పించింది, అన్నిటికంటే తక్కువదానికి ఓకే చెప్పింది. వచ్చింది కాగితం చుట్టి చేసిన బోర్డు. దానిమీద కిటికీ ఊచంత లావు గుండ్రటి వైరు, వైరూ వైరూ కలిసిన ప్రతిచోటా ఒక పిన్ను. తోడుగా ఆరు ఇత్తడి డార్ట్‌లు. టంగ్‌స్టన్ బరువైన లోహం కాబట్టి డార్ట్ సన్నగా ఉన్నా చేతిలో బరువు తగులుతుంది. ఇత్తడితో అదే బరువు రావాలంటే కలం కాస్తా చపాతీ కర్ర అవుతుంది.

సరే, తగిలించారు. డ్రిల్లు దుమ్ము బోర్డు మీద పడింది. పది నిమిషాలు అలా పక్కకెళ్లి వచ్చేసరికి సెక్రటరీ గారు హౌస్‌కీపింగ్ ఆవిడ చేత ఫినాయిల్ నీళ్ల గుడ్డతో బోర్డుని తుడిపిస్తున్నారు! నార బోర్డుకే నీళ్లు తగలకూడదు. ఇది కాగితం. పదమూడో నంబరు దగ్గర అప్పడంలా పొంగింది. పదమూడు పక్కనే నాలుగు ఉంటుంది. ఈ నాలుగు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక జనం. క్రికెట్ బాబాయి గారు టీవీ ముందు సోఫాలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశారు. “బౌలరు లేడు, బోర్డు కదలదు, గోడకి కొట్టుకునేది ఆటేంటయ్యా?” ఎర్ర జెర్సీ వేసుకున్న ఫుట్‌బాల్ తమ్ముడు “చెమట పట్టనిది ఆటే కాదు బాబాయ్, మీ క్రికెట్‌తో సహా” అన్నాడు. “అలాగైతే లిఫ్టు పాడైనప్పుడు ఐదో ఫ్లోరుకి నీళ్ల డబ్బా మోసే కుర్రాడికి ఒలింపిక్ మెడలివ్వాలి” అన్నారు బాబాయి.

డార్ట్స్ తెలిసినాయన ఊరుకోవచ్చుగా. ఊరుకోడు. ల్యూక్ లిట్లర్ 2025 జనవరి 3న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో వాన్ గెర్వెన్‌ని 7-3తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, అప్పటికి వాడికి పదిహేడేళ్లు, అన్నాడు గుండెలు విరుచుకుని.

“సచిన్ పదహారేళ్లకే కరాచీలో టెస్టు ఆడాడు” అన్నారు బాబాయి, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

“పెలే పదిహేడేళ్లకే ప్రపంచకప్ గెలిచాడు. 1958లో” అన్నాడు తమ్ముడు.

అంతే, లిట్లర్ వాడి మానాన వాడు ఇంటికెళ్లిపోయాడు. హైదరాబాదుకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధమని బాబాయి నోరు జారారు. తమ్ముడు పూనకం వచ్చినట్టు అందుకున్నాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు, రహీం సాబ్ కోచింగ్‌లో భారత జట్టుకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఏషియాడ్ బంగారం. పాపం, వాడి దగ్గర ఉన్నదంతా నిజమే. కానీ అందులో వాడు పుట్టాక జరిగింది ఒక్కటీ లేదు.

డార్ట్స్‌లో కొట్టిన స్కోరుని 501 నుంచి తీసేస్తూ సరిగ్గా సున్నాకి రావాలనేసరికి బాబాయికి అసలు మింగుడుపడలేదు. స్కోరు పెరగాలి గానీ తగ్గడమేంటి? ఛేజింగ్ అనుకోమన్నాడు డార్ట్స్ తెలిసినాయన. 501 కావాలి, కొట్టినకొద్దీ తగ్గుతుంది. తేడా ఎక్కడంటే, ఛేజింగ్‌లో ఒక్క పరుగు కావాల్సినప్పుడు సిక్సు కొట్టినా గెలుపే. ఇక్కడ ఒక్కటి ఎక్కువ కొట్టినా బస్ట్, ఆ రౌండులో విసిరినవన్నీ బూడిదలో పోసిన పన్నీరే. పైగా చివరి డార్ట్ డబుల్లోనే పడాలి. డబుల్ అంటే బోర్డు అంచున ఉండే 8 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, అందులో పడితే ఆ గడి అంకెకి రెండింతలు. “ఎనిమిది మిల్లీమీటర్లా!” అన్నారు బాబాయి. మొదటిసారి మొహం ఇటు తిప్పింది అప్పుడే.

ఆట మొదలైంది. ఇటు డార్ట్స్ తెలిసినాయన, అటు ఎనిమిదో తరగతి చదివే సెక్రటరీ గారి మనవడు. స్కోరరూ అంపైరూ కూడా డార్ట్స్ తెలిసినాయనే, లెక్క వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి. మూడో రౌండులో కుర్రాడు విసిరింది సూటిగా ట్రిపుల్ 20 (మూడింతలు లెక్కకొచ్చే లోపలి పట్టీ) దగ్గర పిన్నుకి తగిలి ఎగిరి కిందపడింది. “జీరో” అన్నాడాయన. మొన బోర్డు మీద నిలవాలి, రాలిపోతే సున్నా, అది ప్రపంచమంతటా ఉన్న రూలు, బోర్డుని తప్పుపట్టేవాడు ఆటగాడు కాదు, అంటూ రెండు నిమిషాలు ప్రవచనం చెప్పాడు. చివరి వాక్యం అవసరం లేదు. ఇప్పుడనిపిస్తోంది.

నడుమ రౌండ్లు వదిలేద్దాం. ఆయనకి 32 మిగిలింది. తెలిసినవాళ్లు 32 కోసం పాకులాడతారు. డబుల్ 16కి గురిపెట్టి లోపలికి జారితే సింగిల్ 16, మిగిలేది 16, అంటే డబుల్ 8. అది పక్క గడే. అదీ జారితే 8 మిగులుతుంది, డబుల్ 4 చూసుకోవచ్చు. 2కి దిగేదాకా ఇలా ఎన్నిసార్లు లోపలికి జారినా సగం సగం అవుతూ సరిసంఖ్యే మిగులుతుంది, మధ్యలో బేసి సర్దుబాటు లేదు. ఈ గొప్పదనమంతా ఆయన విసరబోతూ వివరించాడు. వివరించి, మొదటిది సింగిల్ 16లో వేశాడు. రెండోది సింగిల్ 8లో వేశాడు. “చెప్పానా!” అన్నాడు, అదేదో కావాలని చేసినట్టు.

మూడోది డబుల్ 4కి. పొంగిన పదమూడు పక్కది.

డార్ట్ చేయి వదిలింది. ఇక్కడ ఒక విషయం దాచడానికి లేదు, తమ్ముడు ఫోన్లో వీడియో తీశాడు: డార్ట్ ఇంకా గాల్లో ఉండగానే ఆయన పిడికిలి బిగుసుకుని పైకి లేచింది. నోరు “యెస్” అనే ఆకారంలోకి వచ్చింది. డార్ట్ వెళ్లి డబుల్ 4 బయటి వైరు పిన్నుకి ఠంగుమని తగిలింది, ఒక పల్టీ కొట్టి వెనక్కి వచ్చి కిందికి దిగి, నిట్టనిలువుగా గుచ్చుకుని నిలబడింది.

చెప్పులో. సెక్రటరీ గారి చెప్పులో. ఎడమదానిలో, బొటనవేలు ఆనే గుంట మధ్యలో, సరిగ్గా బుల్ ఉండాల్సిన చోట.

క్లబ్‌హౌస్‌లోకి చెప్పులతో రాకూడదని సర్క్యులర్ పెట్టింది ఎవరు? సెక్రటరీ గారే. కిందటి నెలలో, మూడు భాషల్లో, లామినేషన్ చేయించి. మనందరివీ బయట ర్యాకులో. ఆయన కొత్తవి మాత్రం “బయట పెడితే పోతున్నాయండీ” అని లోపలికి తెచ్చి, హాలు మొత్తంలో ఇంకెక్కడా చోటు లేనట్టు బోర్డు కింద విడిచారు!

నిశ్శబ్దం. టీవీ మ్యూట్‌లో పెట్టిన బాబాయి ఈసారి సోఫాలోంచి లేచారు.

“చెప్పు ఎవరిది? సెక్రటరీ గారిది. అవతల ఆడుతోంది ఎవరు? ఆయన మనవడు. అంటే ఫీల్డింగ్ వాళ్లు కీపరు వెనకాల హెల్మెట్ పెట్టుకున్నారు, దానికి బంతి తగిలింది. ఐదు పెనాల్టీ పరుగులు. నీకే.”

సిగ్గుతో ఒప్పుకోవాల్సిందేమిటంటే, డార్ట్స్ తెలిసినాయన మనసులో లెక్క కట్టాడు. ఎనిమిదిలోంచి ఐదు పోతే మూడు. సింగిల్ 1, తర్వాత డబుల్ 1.

“కాదు బాబాయ్” అన్నాడు తమ్ముడు. గొంతులో జీర. “2009 అక్టోబరు 17. సండర్‌లాండ్‌లో మ్యాచ్. మా లివర్‌పూల్ అభిమానుల వైపు నుంచే గాలి బంతి ఒకటి గ్రౌండ్‌లో పడింది. ఎర్రది. సండర్‌లాండ్ ఆటగాడు బెంట్ కొట్టిన బాల్ దానికి తగిలి దారి మళ్లి గోల్లోకి పోయింది. బయటి వస్తువు తగిలితే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలి, రూలు అదీ. రిఫరీ గోలిచ్చేశాడు. ఒకటి-సున్నా ఓడిపోయాం.” వాడు కాసేపు ఆగాడు. ఆ రోజుకి వాడు ప్రైమరీ స్కూల్లో ఉండి ఉంటాడు. “చెప్పు బయటి వస్తువు. ఈ డార్ట్ మళ్లీ విసరాల్సిందే అన్నా.”

“తమ్ముడి మాటలో న్యాయం ఉంది” అన్నాడు ప్రపంచమంతటా ఉన్న రూలు చెప్పినాయన. “అదీగాక ఇది బోర్డు తప్పు. ఈ పిన్ను చూడండి. ఈ తడి చూడండి.”

బాబాయి థర్డ్ అంపైర్‌కి వెళ్లాలన్నారు. ఆ దిక్కుమాలిన వీడియోని స్లో మోషన్‌లో పెట్టారు. సగానికంటే తక్కువ తగిలితే అంపైర్స్ కాల్, మైదానంలో ఇచ్చిందే ఖాయం, అని బాబాయి వివరించబోతే, మరి చంక కిందినుంచి చెయ్యి కాబట్టి ఆఫ్‌సైడ్‌కి లెక్కరాదని తమ్ముడు అందుకున్నాడు. దేనికి దేనితో సంబంధమో ఎవరికీ తెలియలేదు. చెయ్యి అనేసరికి మాత్రం అందరూ ఆ లేచిన పిడికిలిని మళ్లీ చూశారు. రెండోసారి, మూడోసారి. మూడోసారి ఎవరో జూమ్ చేశారు. మొదట తగిలింది వైరుకి, ఆ తర్వాతే చెప్పుకి అని తేలింది. కాబట్టి హెల్మెట్టూ లేదు, గాలి బంతీ లేదు.

“అంపైర్స్ కాల్ అన్నారుగా, అంపైర్ ఎవరు?” అన్నారు బాబాయి.

అందరూ ఒకే మనిషి వైపు చూశారు.

“అంకుల్, నాకప్పుడు జీరో అన్నారుగా” అన్నాడు కుర్రాడు. గొంతులో వెటకారం కూడా లేదు. అదే బాధ.

“జీరో” అన్నాడు అంపైరు.

కుర్రాడికి 12 కావాలి. “డబుల్ 6 ఎక్కడుంటుంది అంకుల్?” అని అడిగాడు. అడిగినవాడికి చెప్పకుండా ఎలా ఉంటాం? కుడివైపు, గడియారంలో మూడు ఉండే చోట, అని చెప్పాల్సి వచ్చింది. మొదటి డార్ట్‌కే కొట్టేశాడు. అది ఆ కాగితం బోర్డులో ఎంత చక్కగా దిగిందో! లాగితే కన్నం అలాగే ఉండిపోయింది.

రాత్రి తొమ్మిదికి గ్రూపులో రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి ఆ వీడియో, పిడికిలి దగ్గర ఆపిన బొమ్మతో. రెండోది సెక్రటరీ గారిది: నివాసుల భద్రత దృష్ట్యా డార్ట్స్ నిలిపివేయడమైనది, క్యారమ్ బోర్డుకి కొటేషన్లు ఆహ్వానిస్తున్నాము.

చెప్పుల ఖరీదు ఈ నెల నా మెయింటెనెన్స్ బిల్లులో కలిపారు. రెండింటిదీ. తగిలింది ఎడమదానికి ఒక్కదానికే.