భీమాలి తాండ్ర, మన పిల్లలు

ఎండని వాడుకోవడంలో విజయనగరం జిల్లా భీమాలి వాళ్లని మించినవాళ్లు లేరనుకునేవాణ్ని. చాప పరిచి, తీపి కలిపిన మామిడి రసం పోసి, ఒక పొర ఆరాక ఇంకో పొర పోస్తారు. మబ్బు పట్టినా గాలి రేగినా పరుగులే. ఆ మాత్రం కాపలా కూడా లేకుండా ఏకంగా పిల్లల్నే ఆరబెట్టేస్తున్న మనం ఇంకెంత ఘనులమో ఆలస్యంగా తెలిసింది.

ఎండాకాలం రాగానే ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండ నుంచి పిల్లల్ని కాపాడటానికే. పొద్దున్న 7:45 కల్లా లోపల నీడన కూర్చోబెట్టి, సరిగ్గా మధ్యాహ్నం 12:30కి బయటికి వదులుతారు. పది నుంచి నాలుగు దాకా అతినీలలోహిత కిరణాల జోరు ఎక్కువని, మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే నీడ పట్టున చేరాలని డాక్టర్లు చెబుతారు. ఏప్రిల్లో ఆ వేళకి మా వీధి పిల్లల నీడలు చెప్పుల కిందే దాక్కుంటాయి. చెప్పులుంటే.

బండి సంగతి వేరు. సీటు వెలిసిపోతుందని దాన్ని వేపచెట్టు కింద పెట్టి, పైన తువ్వాలు కప్పుతాం. బయల్దేరేటప్పుడు ఆ తువ్వాలు మడిచి డిక్కీలో పెట్టి, పిల్లాణ్ని బోడి తలతో ట్యాంకు మీద కూర్చోబెడతాం. టోపీ పెట్టమంటే మా పెద్దమ్మ ఒప్పుకోదు. "గుంటడికి ఏటౌతాదిరా, ఎండకి ఎండితేనే గట్టిపడతాడు!" మనవరాలికి మాత్రం గొడుగు తప్పనిసరి. నల్లబడితే సంబంధాలు రావట. కారణం పనికిమాలినదే గానీ గొడుగు నిఖార్సైనది, కాబట్టి ఆ విషయంలో నేను నోరెత్తను.

మన నలుపే మనకి రక్ష అనే వాదం ఒకటుంది. కొంత నిజమే. కానీ కంటి లోపలి కటకానికి ఆ రంగు పూత లేదు. పైగా పిల్లల కళ్లు పెద్దల కళ్లకంటే ఎక్కువ కిరణాల్ని లోపలికి పోనిస్తాయి. శుక్లాలకి ఉన్న కారణాల్లో ఎండ ఒకటి, అదీ తాండ్ర లాగే పొర మీద పొరగా పేరుకునేది. ఏడేళ్లప్పుడు పోసిన పొర అరవై ఏళ్లకి తేలుతుంది. అందాకా తొందరేముంది? మన దగ్గర నల్ల కళ్లజోడు ఆపరేషన్ అయ్యాకే కదా ఇస్తారు!

ఇక పంద్రాగస్టు. ఒకసారి ఒక బడికి పిలిస్తే వెళ్లాను. వేదిక మీద మాకు షామియానా, ఫ్యాను, కొబ్బరిబొండాలు. మైదానంలో పిల్లలు, వరసలు తప్పకుండా. ముఖ్య అతిథి 8:30కి రావాలి, పదకొండుకి వచ్చారు. "మబ్బేసింది సార్, పర్లేదు" అన్నారు డ్రిల్లు మాస్టారు. పల్చటి మబ్బు వేడిని ఆపినంతగా అతినీలలోహిత కిరణాల్ని ఆపదని చెప్పబోయాను. ఇంతలో మూడో వరసలో ఒక పిల్ల కూలబడింది. గ్లూకోజు నీళ్లు తాగించి మళ్లీ వరసలో నిలబెట్టారు. నేను బొండాం పూర్తి చేశాను. అతిథి గారు "రేపటి పౌరులారా" అని మొదలుపెట్టారు.

శ్రీకాకుళం పక్కనే అరసవల్లి ఉంది. అక్కడున్నది సాక్షాత్తూ సూర్యనారాయణస్వామి. అయినా ఆ గుడి కట్టినవాళ్లు ఎండని మార్చిలో కొన్నాళ్లు, అక్టోబరులో కొన్నాళ్లు, అదీ పొద్దు పొడిచే వేళ కాసేపే స్వామి పాదాల దాకా రానిచ్చారు. స్వామికి నల్లబడతాననే బెంగ కూడా లేదు, విగ్రహమే నల్లరాయి.

మొన్న డాబా మీద మా పెద్దమ్మ వడియాలు పెట్టింది. తను గొడుగేసుకుని కూర్చుని, కాకుల్ని తోలడానికి మనవణ్ని కర్రిచ్చి నిలబెట్టింది. పదకొండు కావొస్తోంది, వాడి తల మీద ఏమీ లేదు. టోపీ తెద్దామని నేను లేచేలోపు ఆవిడే కంగారుగా అరిచింది:

"ఒరే గుంటడా, నీ నీడ వడియాల మీద పడతంది, అటు జరుగు!"