ఇది ‘రేపటి టెక్నాలజీ’ ఏం కాదండీ

స్మార్ట్ మెటీరియల్స్ (వేడి వంటివాటికి తమంతట తామే స్పందించి మారే పదార్థాలు) మీద మీరు వేసిన వ్యాసంలో వాటిని ‘రేపటి టెక్నాలజీ’ అన్నారు. కానీ అవి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. మా అమ్మాయి పళ్ళకు క్లిప్పులు వేయించి రెండేళ్ళయింది. ఆ క్లిప్పుల్లోని తీగ నిటినాల్, అంటే నికెల్, టైటానియం కలిపిన లోహం. నోటి వేడికి తన పాత ఆకారంలోకి రావాలని చూస్తూ పళ్ళను మెల్లగా లాగుతుంది. చల్లబడితే మెత్తబడుతుంది. ఐస్‌క్రీమ్ తింటే నొప్పి తగ్గుతోందని మా అమ్మాయి అంటే సాకు అనుకున్నాను, నిజమేనట!

ఈ నిటినాల్‌ను 1959లో అమెరికా నేవీ ల్యాబ్‌లో విలియం బ్యూలర్ తయారుచేశారు. తర్వాత ఎఫ్-14 యుద్ధవిమానాల్లో హైడ్రాలిక్ (ఒత్తిడితో ద్రవం పారే) గొట్టాలను జోడించడానికి వాడారు. బాగా చల్లబరిచి, సాగదీసిన నిటినాల్ జాయింటును గొట్టాలకు తొడిగితే, మామూలు వేడికి రాగానే అదే బిగుసుకుంటుంది. వెల్డింగ్ అక్కర్లేదు. వ్యాసంలో ఈ ఉదాహరణ లేకపోవడం లోటే.

ఒక సవరణ కూడా. గుండె స్టెంట్లన్నీ (రక్తనాళం మూసుకుపోకుండా లోపల వేసే జాలీ గొట్టాలు) నిటినాల్‌వే అన్నట్టు వ్యాసంలో రాశారు. గుండె రక్తనాళాల్లో ఎక్కువగా వేసేవి బెలూన్‌తో విప్పే కోబాల్ట్-క్రోమియం స్టెంట్లు. వాటంతట అవే విచ్చుకునే నిటినాల్ స్టెంట్లు ఎక్కువగా కాళ్ళ రక్తనాళాలకు. కాలు మడిచినా, నొక్కుకున్నా మళ్ళీ తెరుచుకోవాలి కదా.

ధర సంగతి కూడా రాసుంటే బాగుండేది. నికెల్ పాలు ఒక్క శాతం తేడా వచ్చినా ఆకారం మారే ఉష్ణోగ్రత పదుల డిగ్రీలు మారిపోతుంది. అంత కచ్చితంగా తయారుచేయాలంటే ఖర్చవుతుంది కదా.