అలకపాన్పు మీదున్న హోల్డౌట్ గారికి

హోల్డౌట్ గారికి,

నమస్కారాలతో రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు కుశలంగా ఉన్నారంటే ఎక్కడో ఏదో టీమ్ కుశలంగా లేనట్టే కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

నేను ఒహాయోలో ఉంటున్న తెలుగువాణ్ణి. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగనివాణ్ణి, సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర నోరు విప్పాలంటే వేరే దారి లేక అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకున్నాను, దగ్గర్లో ఉంది కదా అని సిన్సినాటి బెంగాల్స్‌ని అభిమానించడం మొదలుపెట్టాను, ఇప్పుడు మానదామన్నా మానలేకపోతున్నాను. ఆట రూల్స్ ఒక్క సీజన్‌లో వంటబట్టాయి. కాంట్రాక్టు నచ్చేదాకా సంతకం పెట్టకుండా, సీజన్‌కి ముందు జరిగే ట్రైనింగ్ క్యాంపుకి రాకుండా ఆటగాడు భీష్మించుకుని కూర్చోవడమే మీరు అని అర్థం కావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

2025 జులైలో మా అమ్మ వీడియో కాల్ చేసి, "ఏంట్రా, మొహం అలా పెట్టావు?" అంది. మా టీమ్ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాడు క్యాంపు ముంచుకొస్తున్నా ఇంకా సంతకం పెట్టలేదమ్మా అన్నాను. డ్రాఫ్ట్ అంటే ఏంటో కూడా చెప్పాల్సి వచ్చింది. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని 32 టీములూ వంతులవారీగా ఏరుకుంటాయి, ఎవరు ఏరుకుంటే వాళ్ళ దగ్గరే ఆడాలి, నాకా ఊరు వద్దు అంటే ఏడాది పాటు ఇంట్లో కూర్చుని మళ్ళీ వచ్చే డ్రాఫ్ట్ దాకా ఆగాలి. అంతా విని, "అంటే అల్లుడు అలకపాన్పు ఎక్కాడన్నమాట" అంది. సరిగ్గా అంతే. "ఏం కావాలంట?" అంది. "కాంట్రాక్టులో ఒక లైను తీసెయ్యాలంట" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బండి అడగొచ్చుగా పిచ్చివాడు" అంది.

హోల్డౌట్ గారూ, మీరు బండి అడిగిన రోజులు, బండేం ఖర్మ, ఊరే అడిగిన రోజులు నాకు తెలియనివి కావు. 1983లో జాన్ ఎల్వేని బాల్టిమోర్ కోల్ట్స్ మొదటి నంబరుగా ఏరుకుంటే, మీ దగ్గర ఆడేది లేదు, కావాలంటే బేస్‌బాల్ ఆడుకుంటాను అని బెదిరించి చివరికి డెన్వర్ చేరాడు. 1986లో బో జాక్సన్ బెదిరింపుతో సరిపెట్టలేదు. టాంపా బే మొదటి నంబరుగా తీసుకుంటే, వాళ్ళ మొహం కూడా చూడకుండా కాన్సాస్ సిటీకి పోయి నిజంగానే బేస్‌బాల్ ఆడాడు, మరుసటేడు రైడర్స్ ఏడో రౌండ్‌లో మళ్ళీ ఏరుకున్నాక గానీ ఫుట్‌బాల్ వైపు రాలేదు. 2004లో ఈలై మానింగ్ అయితే చార్జర్స్ నాకొద్దని డ్రాఫ్ట్‌కి ముందే చెప్పేశాడు, అయినా వాళ్ళు ఏరుకున్నారు, ఆ జెర్సీ చేత్తో పట్టుకుని ఫోటోకి నిలబడ్డప్పుడు అతని మొహం చూస్తే ఇష్టంలేని పెళ్ళిచూపులు గుర్తొస్తాయి. అదే రోజు న్యూయార్క్ జెయింట్స్‌తో మార్పిడి జరిగిపోయింది. పెద్దింటి అలకలంటే అవీ.

ఆ తర్వాత మీకు డబ్బు రుచి బాగా మరిగింది. 2007లో ఓక్లాండ్ రైడర్స్ మొదటి నంబరుగా తీసుకున్న జమార్కస్ రసెల్ క్యాంపు మొత్తం ఎగ్గొట్టాడు, సీజన్ మొదటి ఆట కూడా అయిపోయాక, సెప్టెంబర్ 12న సంతకం పెట్టాడు. ఆరేళ్ళకి 6.8 కోట్ల డాలర్ల దాకా వచ్చే కాంట్రాక్టు, అందులో 3.1 కోట్లకి పైగా గ్యారంటీ, అంటే ఆడినా ఆడకపోయినా చేతిలో పెట్టాల్సిన సొమ్ము. పాపం పెట్టారు. అతను 25 ఆటల్లో మొదటి నుంచీ దిగి 7 గెలిపించాడు, 2010 మేలో పంపించేశారు. ఓనర్లు ఆ పేరుని ఎంత జాగ్రత్తగా దాచుకున్నారో మీకు తెలియంది కాదు. కొత్త కుర్రాడు డబ్బు మాటెత్తితే చాలు, పిల్లాడికి బూచాణ్ణి చూపించినట్టు రసెల్‌ని చూపించేవాళ్ళు.

2009లో మైకేల్ క్రాబ్‌ట్రీ అలక నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అది అచ్చంగా మన బంధువుల ఇళ్ళల్లో జరిగే అలక. శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని పదో నంబరుగా తీసుకుంది. నీళ్ళకి అవతలి ఒడ్డునున్న ఓక్లాండ్ ఏడో నంబరులో డారియస్ హేవర్డ్-బే అనే ఇంకో రిసీవర్ని (విసిరిన బంతి అందుకునేవాణ్ణి) తీసుకుంది. అందరూ నేనే గొప్పవాణ్ణన్నారు, ఓక్లాండ్ వాళ్ళకి బుద్ధి లేకపోతే దానికి నేనెందుకు తక్కువ తీసుకోవాలి అని క్రాబ్‌ట్రీ వాదన. సబబుగానే ఉంది గానీ, పదో నంబరుకి ఏడో నంబరు డబ్బులివ్వమంటే ఎవరిస్తారు? అక్టోబర్ 7 దాకా కూర్చున్నాడు. అప్పటికి సీజన్లో నాలుగు ఆటలు అయిపోయాయి. ఆ కుర్రాడు కాంట్రాక్టు కంటే పక్కవాడి కాంట్రాక్టు ఎక్కువసార్లు చదివుంటాడని నా అనుమానం.

సరే, 2011లో మీ భోగం ముగిసింది. లీగుకీ ప్లేయర్ల సంఘానికీ గొడవై తాళాలు పడ్డాయి, జులై చివర్లో రాజీ కుదిరింది, ఆ రాజీలో కొత్తవాళ్ళ జీతాలకి పట్టీ వేసేశారు. ఏ నంబరుకి సుమారు ఎంతో ముందే ఖరారు, నాలుగేళ్ళ కాంట్రాక్టు, మొదటి రౌండ్ వాళ్ళకైతే ఐదో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. సంఘంలో ఉండేది అప్పటికే ఆడుతున్న ప్లేయర్లు. కాలేజీలో చదువుకుంటున్న రేపటి రూకీలకి, అంటే కొత్తగా చేరబోయేవాళ్ళకి, అందులో ఓటు లేదు. అటు ఓనర్లకీ మిగిలింది, ఇటు సీనియర్ల వాటాకీ ఢోకా లేదు, పోయిందల్లా ఆ గదిలో లేనివాడిది. 2010లో మొదటి నంబరు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 7.8 కోట్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. ఏడాది తిరక్కుండా 2011లో మొదటి నంబరు కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 2.2 కోట్లు. అదే కుర్చీ, అదే ఆట. డ్రాఫ్ట్‌లో ఒక్క ఏడాది తేడా.

ఆ రోజుతో మీ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. బేరమే లేనిచోట అలకేంటి, ధర అచ్చేసిన చోట గీచిగీచి అడిగేదేముంది? కానీ మీరు జమీ పోయిన జమీందారు టైపు. దివాణం పోయినా కోర్టు పక్షి లక్షణం పోలేదు. కోట్లు అడగడానికి లేదనేసరికి కామాల మీద పడ్డారు.

2016లో శాన్ డియేగోలో చూశాం కదా. చార్జర్స్ మూడో నంబరుగా తీసుకున్న జోయీ బోసా ఆగస్టు 29 దాకా రాలేదు. జీతం మీద పేచీ లేదు, అది పట్టీలో ఉంది. పేచీ అంతా సంతకం పెట్టినందుకిచ్చే సైనింగ్ బోనస్‌లో ఎంత ఈ ఏడు ఇస్తారు, ఎంత వచ్చే ఏడు ఇస్తారు అన్నదాని మీదా, ఆఫ్‌సెట్ అనే ముక్క మీదా. ఆఫ్‌సెట్ అంటే తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను (మీకు అది కంఠతా వచ్చని తెలుసు). టీమ్ మధ్యలో నిన్ను వెళ్ళిపొమ్మంటుంది అనుకో, గ్యారంటీ సొమ్ము ఇంకా ఇవ్వాల్సి ఉంటుంది. ఈలోగా ఇంకో టీమ్ నిన్ను తీసుకుని జీతమిస్తే, ఆ మేరకి పాత టీమ్ తను ఇచ్చేది కోసుకుంటుంది. పక్కింట్లో భోజనం పెట్టారటగా, అయితే మేం విస్తరెత్తేస్తాం అనడం అన్నమాట.

ఇందులో ఉన్న తమాషా ఒకసారి నిదానంగా ఆలోచించండి. లీగు మొత్తంలో మూడో నంబరుగా, మా టీమ్ రాత మారుస్తాడని ఏరుకున్న కుర్రాడు. ఆఫ్‌సెట్ వల్ల టీమ్‌కి ఒక్క డాలరైనా మిగలాలంటే ఆ కుర్రాడు నాలుగేళ్ళలోపు తన్నేసే స్థితికి రావాలి, పైగా ఇంకెవరో అతన్ని మంచి జీతమిచ్చి తీసుకోవాలి. అంటే శుభలేఖలు పంచుతూనే విడాకుల ఖర్చు ఎవరి నెత్తినో తేల్చుకుందాం రమ్మంటున్నారు. పిల్లాడు ఆ మాటకి అలిగితే, వీడికి డబ్బు పిచ్చి అని ఊరంతా టాంటాం. చార్జర్స్ వాళ్ళు ఏకంగా బహిరంగ ప్రకటన ఇచ్చి, మా ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం అన్నారు. డ్రాఫ్ట్ రోజున మేమూ ఈలై మానింగ్‌లా చేయాల్సింది అని బోసా వాళ్ళమ్మ ఫేస్‌బుక్‌లో అంది. చివరికి సంతకాలయ్యాయి, తొడ కండరం పట్టేసి మొదటి నాలుగు ఆటలు ఆడలేదు, మిగిలిన పన్నెండింట్లోనే 10.5 శాక్‌లు (అంటే బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం) చేసి ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ రూకీ అయ్యాడు. కోసుకుందామని అంత పట్టుబట్టిన కత్తెర అలాగే తుప్పు పట్టింది.

2018లో చికాగోలో రోక్వాన్ స్మిత్ ఆగస్టు సగం దాకా రాలేదు. ఆ ఏడే హెల్మెట్ వంచి గుద్దకూడదని కొత్త రూలొచ్చింది. ఇతను లైన్‌బ్యాకర్, అతని పనే గుద్దడం. ఆ గుద్దుడుకి లీగు నన్ను సస్పెండ్ చేస్తే మీరు నా గ్యారంటీ కూడా లాక్కుంటారా అని అతని అనుమానం. దీన్ని నేను అలక అనను, చదవడం వచ్చు అంటాను.

ఇక మా ఇంటి సంగతి. 2025లో బెంగాల్స్ పదిహేడో నంబరుగా షెమార్ స్టువర్ట్‌ని తీసుకుంది. డబ్బు పట్టీ ప్రకారం సుమారు 1.9 కోట్ల డాలర్లు, అంతా గ్యారంటీ. కానీ ఈసారి కాంట్రాక్టులో కొత్తగా ఒక లైను పెట్టారు. ఒక ఏడాదిలో ఏదైనా తప్పు జరిగి ఆ ఏటి గ్యారంటీ రద్దయితే, తర్వాతి ఏళ్ళవీ రద్దు. ఏడాది ముందు మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి ఆ లైను లేదు. మీరు ఇదివరకు చేయనిదేమీ అడగట్లేదు కదా, మీకు ఆటలు గెలవడం కంటే వాదనలు గెలవడం ఎక్కువైపోయింది అని కుర్రాడు జూన్‌లో విలేకరుల ముందు మొహం మీదే అన్నాడు. ఇక్కడ నేను ఇబ్బందిలో పడ్డాను. అభిమానిగా టీమ్ వైపు ఉండాలి. కానీ వరసగా రెండేళ్ళు ప్లేఆఫ్స్ చేరని టీమ్, క్రితం సీజన్లో లీగులోనే అందరికంటే ఎక్కువ శాక్‌లు చేసిన హెండ్రిక్సన్‌తో అదే సమయంలో జీతం పేచీ పెట్టుకున్న టీమ్, కాలేజీలో మూడేళ్ళు కలిపి 4.5 శాక్‌లు చేసిన కుర్రాణ్ణి మొదటి రౌండ్‌లో తీసుకునే ధైర్యం ఉన్న టీమ్, ఒక్క వాక్యం దగ్గర ఇంత భయపడుతుంటే ఏమనాలి? ఏనుగు పోయినా ఫర్వాలేదుట, తోక మాత్రం వదలరుట.

ఆఫీసులో ఈ మాటే అంటే ఒకాయన, "ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇంత డబ్బొస్తుంటే నోరు మూసుకుని సంతకం పెట్టడానికేం?" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను, ఎందుకంటే నేను సరిగ్గా అదే చేశాను. ఇంజనీరింగ్ చివరి ఏడు క్యాంపస్‌లో ఉద్యోగమొచ్చింది, ఊళ్ళో స్వీట్లు పంచారు, జాయినింగ్ డేట్ మాత్రం తొమ్మిది నెలలు రాలేదు, అమీర్‌పేట హాస్టల్లో కూర్చుని రోజూ మెయిల్ చూసుకునేవాణ్ణి. అప్పుడు హోల్డౌట్ చేసింది కంపెనీ, దాన్ని ఎవరూ అలక అనలేదు, మార్కెట్ బాగాలేదన్నారు. తీరా పిలిచిన రోజున రెండేళ్ళ బాండు ముందు పెడితే పేజీలు కూడా లెక్కపెట్టకుండా సంతకం చేసి ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికిచ్చి వచ్చాను. అందులో ఏముందో ఏడాదిన్నర తర్వాత మానేద్దామనుకున్నప్పుడు చదివాను. చదవాల్సిన టైమ్ అది కాదు.

అందుకే మీ మీద కోపం ఎక్కువసేపు నిలవడం లేదు. పైగా అదే వేసవిలో మీరు ఇంకో ఘనకార్యం చేశారు. ఎప్పుడూ రెండో రౌండ్ వాళ్ళకి పూర్తి గ్యారంటీ ఇచ్చిన చరిత్ర లేదు. హ్యూస్టన్ వాళ్ళు 34వ నంబరు జేడెన్ హిగ్గిన్స్‌కి ఇచ్చేశారు. దాంతో 33వ నంబరు కుర్రాడికి క్లీవ్‌లాండ్ వాళ్ళూ ఇవ్వక తప్పలేదు. ఇక అంతే, వీధిలో ఒకింట్లో అల్లుడికి ఏసీ పెట్టించారని తెలిస్తే మిగతా ఇళ్ళల్లో ఏమవుతుందో అదే అయింది. జులై మధ్యకొచ్చేసరికి రెండో రౌండ్‌లోని 32 మందిలో మిగిలిన 30 మందీ సంతకం పెట్టలేదు. క్యాంపు టైముకి నిజంగా రాకుండా ఆగిన మొదటి కుర్రాడు ఏ టీమ్ వాడో ఊహించండి. చార్జర్సే! ఊరు మారి లాస్ ఏంజెలెస్ వెళ్ళినా మీరు వాళ్ళని వదల్లేదు. అది మీ అత్తారిల్లు.

స్టువర్ట్ జులై 25న సంతకం పెట్టాడు, క్యాంపు మొదలై రెండో మూడో రోజులయింది. నేను అమ్మకి ఫోన్ చేసి అలక తీరిందని చెప్పాను. "లైను తీశారా మరి?" అంది. ఏదో సర్దుకున్నారులే అమ్మా అన్నాను. "ఆ కాగితం ఒకసారి చదివి చెప్పరా," అంది, "నీది కూడా ఎవరైనా అలా చదివుంటే బాగుండేది."

వచ్చే జులైలో మీరు మళ్ళీ వస్తారని తెలుసు. మా టీమ్ వైపు రాకండి. వచ్చినా, ఏ లైను మీద కూర్చుంటున్నారో కాస్త ముందే చెప్పండి, సోమవారం కాఫీ దగ్గర నాకు పనికొస్తుంది.

ఇట్లు,
రెండేళ్ళ బాండు చదవకుండా సంతకం పెట్టిన ఒక బెంగాల్స్ అభిమాని