మా కంప్యూటర్‌లో ఎవరో ఆట ఆడారు

గత ఆదివారం మధ్యాహ్నం, నేను ఇంట్లో లేని సమయం చూసి, నా కంప్యూటర్‌లో ఎవరో ఆట ఆడారు. ఈ వాక్యం రాయడానికి నాకు చేయి రావడం లేదు. పాత వీడియో ఆటల కోసం ఆ యంత్రాన్ని నేను నాలుగేళ్లుగా తీర్చిదిద్దుతున్నాను. ఆ నాలుగేళ్లూ ‘ఇటీవల ఆడినవి’ అనే జాబితా మచ్చ లేకుండా ఉండేది. పరీక్ష కోసం తెరిచిన ఆటలు లెక్కలోకి రావు. పేరు తెర కనిపించగానే మూసేసి, జాబితాను తుడిచేసి, చేతులు కడుక్కున్నంత నిశ్చింతగా లేచేవాణ్ణి. ఆ సాయంత్రం వచ్చి చూసేసరికి అందులో ఒక ఆట పేరు, దాని పక్కన ‘ఆడిన సమయం: 47 నిమిషాలు’ అన్న అక్షరాలు నిర్దాక్షిణ్యంగా వెలుగుతున్నాయి. నేరస్థుడు మా అక్క కొడుకు, వయసు పదకొండేళ్లు. అడిగితే దాచే ప్రయత్నమైనా చేయలేదు. “ఊరికే ఆడాను మామయ్యా” అన్నాడు. ఆ ‘ఊరికే’ అన్న మాటే నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

విషయం తెలియని వారికి ముందుగా ఒక మాట. పాత ఆటల యంత్రాల ప్రవర్తనను ఈనాటి కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్. పాత క్యాట్రిడ్జ్‌లోని చిప్ నుంచి ఉన్నదున్నట్టు చదివి తీసిన నకలు పేరు రోమ్. ఈ రెండూ ఉంటే ఆట నడుస్తుందని, నడిచింది కనుక ఆడుకోవాలని లోకంలో ఒక అపోహ ప్రబలి ఉంది. దీన్ని ఖండించడానికి నా దగ్గర పెద్దల సాక్ష్యమే ఉంది. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆటల ఎమ్యులేటర్ మేమ్‌ను నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో తొలిసారి విడుదల చేశారు. తమ లక్ష్యం సాఫ్ట్‌వేర్ చరిత్రను భద్రపరచడమేననీ, ఆట నడవడం ప్రధానంగా ఆ పాత యంత్రాన్ని తాము సరిగ్గా గ్రంథస్థం చేశామో లేదో రుజువు చూసుకోవడానికేననీ ఆ ప్రాజెక్టువారు తమ పత్రాల్లో స్పష్టంగా రాసుకున్నారు. అంటే ఆట ఒక సాక్షి మాత్రమే. సాక్షి నిజం చెప్పాడని తేలిపోయాక, అతణ్ణి 47 నిమిషాలపాటు పరుగెత్తించి, గెంతించి, నాణేలు ఏరించడం ఏ ధర్మశాస్త్రం ప్రకారం న్యాయమో మా మేనల్లుడు చెప్పాలి.

వాడు ఆడినది 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ప్రోగ్రాము 32, బొమ్మలు 8. ఎమ్యులేటర్ గుర్తుపట్టడానికి దాని ముందు 16 బైట్ల హెడర్ అనే గుర్తింపు పట్టీ తగిలిస్తారు కనుక, ఫైలు పరిమాణం సరిగ్గా 40,976 బైట్లు ఉండాలి. ఈ నలభై కిలోబైట్ల వామనమూర్తికి నేను చేసిన ఏర్పాట్లు చూడండి: అట్టపెట్టె ముఖచిత్రం, వెనుకవైపు చిత్రం, క్యాట్రిడ్జ్ ఫొటో, పారదర్శకమైన అక్షరాల్లో ఆట పేరు, ముప్ఫై సెకన్ల వీడియో ముక్క, వినియోగదారు పుస్తకం మొత్తం. ముఖచిత్రం ఒక్కటే ఆటకు యాభై రెట్లుంది. పెళ్లికూతురి కంటే పల్లకీ బరువెక్కువని నవ్వేవారు నవ్వవచ్చు. ఊరేగింపులో జనం చూసేది పల్లకీనే.

ఇక వర్గీకరణ. ఇది సామాన్యులకు అర్థమయ్యే విద్య కాదు. ఒకే ఆటకు అమెరికా ప్రతి, యూరప్ ప్రతి, జపాన్ ప్రతి, సవరించిన ప్రతి, మళ్లీ సవరించిన ప్రతి ఉంటాయి. పాత సేకరణల్లో ఫైలు పేరు చివర చదరపు బ్రాకెట్లలో గుర్తులు కూడా కనిపిస్తాయి: ఆశ్చర్యార్థకం ఉంటే సరిచూసిన ప్రతి, బి ఉంటే చెడిపోయిన ప్రతి, హెచ్ ఉంటే ఎవరో చేయి చేసుకున్న ప్రతి, ఓ ఉంటే అవసరానికి మించి చదివేసిన ప్రతి. నో-ఇంట్రో, రీడంప్ బృందాలు తయారు చేసిన జాబితాలతో ప్రతి ఫైలు చెక్‌సమ్‌ను, అంటే దానిలోని అంకెలన్నిటి నుంచి లెక్కగట్టిన వేలిముద్రను, పోల్చి చూస్తే తప్ప దాని కులగోత్రాలు తేలవు. సూపర్ నింటెండో అనే యంత్రపు ఆటలైతే మరీ చిత్రం. వాటిని ఆ రోజుల్లో నకలు తీసిన పరికరాలు కొన్ని ఫైళ్లకు ముందు 512 బైట్ల హెడర్ తగిలించి వెళ్లిపోయాయి. లోపలి ఆట ఒకటే అయినా, ఆ టోపీ వల్ల చెక్‌సమ్ మారిపోయి, సొంత అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టని పరిస్థితి వస్తుంది. నేను రెండు నెలలు శ్రమించి అన్నిటికీ టోపీలు తీసేశాను. ఆ తరువాత తెలిసింది, అనువాదాల కోసం చేసిన కొన్ని పాత ప్యాచ్‌లు, అంటే ఆట ఫైలును సవరించే చిన్న ఫైళ్లు, టోపీ ఉన్న ఫైలు మీదే పనిచేస్తాయని. మళ్లీ తొడిగాను. ఇప్పుడు రెండు రకాలూ వేరువేరు ఫోల్డర్లలో ఉన్నాయి. మూడో ఫోల్డర్‌లో ఏవి టోపీ ఉన్నవో, ఏవి లేనివో తేలనివి ఉన్నాయి.

యూరప్ ప్రతులు ఎందుకు ఉంచుకోవాలని ఒక మిత్రుడు అడిగాడు. ఆ ఖండపు టీవీలు సెకనుకు 50 సార్లు తెరను గీసేవి. 60 సార్లు గీసే టీవీల కోసం చేసిన ఆటను సవరించకుండా అక్కడ అమ్మితే, అది ఆరో వంతు నెమ్మదిగా నడిచేది. సంగీతం కూడా ఈడ్చుకుంటూ సాగేది. ఆ నెమ్మదితనాన్ని భద్రపరచేవారు లేకపోతే భావితరాలు అమెరికా వేగాన్నే అసలు వేగమని పొరబడవా? మిత్రుడు సమాధానం చెప్పలేదు. అప్పటి నుంచి మా ఇంటికి రావడం కూడా తగ్గించాడు.

ఫోల్డర్ల పేర్ల గురించి కూడా చెప్పాలి. నా దగ్గర ‘రోమ్‌లు’, ‘రోమ్‌లు కొత్తవి’, ‘రోమ్‌లు అసలైనవి’, ‘అసలైనవి రెండు’, ‘తాకవద్దు’, ‘తీసేయవలసినవి’ అనే ఆరు ప్రధాన ఫోల్డర్లున్నాయి. ఒకదానిలో ఉన్నదే మరొకదానిలోనూ ఉందని పామరులు అంటారు. విండోస్ ఫైలు పేర్లలో కోలన్ పెట్టనివ్వదు కనుక ఉపశీర్షికలున్న ఆటలన్నిటికీ అడ్డగీత పెట్టవలసి వచ్చింది. అది పొట్టి గీతగా ఉండాలా, పొడవు గీతగా ఉండాలా అన్న మీమాంసలో ఒక వేసవి గడిచిపోయింది. ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’లో ‘ద’ ముందుండాలా, కామా పెట్టి చివర చేర్చాలా అన్నది మరొక వేసవికి మిగిలింది.

ఆర్కేడ్ ఆటల దగ్గర మాత్రం ఈ స్వేచ్ఛ కూడా లేదు. అక్కడ ఒక్కో ఆట ఒక జిప్ ఫైలు. దాని పేరు ప్యాక్‌మ్యాన్ అనో డీకాంగ్ అనో ఎమ్యులేటర్ నిర్ణయించిన పొట్టి పేరే ఉండాలి. అందంగా ఉంటుందని పూర్తి పేరు పెడితే ఎమ్యులేటర్ దాన్ని గుర్తుపట్టదు. పైగా వీటికి వంశవృక్షం ఉంటుంది. తల్లి సెట్ ఉంటుంది, పిల్ల సెట్లు ఉంటాయి. విడివిడిగా అమర్చిన సేకరణలో పిల్ల జిప్‌లో తేడాగా ఉన్న చిప్‌లే ఉంటాయి, మిగిలినవి తల్లి దగ్గర నుంచి తెచ్చుకోవాలి. తల్లిని పొరపాటున చెరిపితే పిల్లలన్నీ ఒకేసారి మొరాయిస్తాయి. నియో జియో అనే ఆర్కేడ్ యంత్రపు ఆటలకైతే వీటన్నిటి మీద ఒక ఉమ్మడి బయాస్ (యంత్రాన్ని మేలుకొలిపే మూల ప్రోగ్రాము) జిప్ కూడా ఉండాలి. ఎక్కడో ఎవరో ఒక చిప్‌ను మరింత శుద్ధంగా చదివారనుకోండి, తరువాతి కూర్పు ఆ కొత్త చదువునే అడుగుతుంది; నిన్నటి వరకు నడిచిన ఆట ఇవాళ ‘ఫైలు లేదు’ అంటుంది. చరిత్రను భద్రపరచడమంటే చరిత్ర మారినప్పుడల్లా మనమూ మారడమే. అందుకే నేను ఏ ఆర్కేడ్ ఆటా మొదలుపెట్టను. మధ్యలో కూర్పు మారితే మనసు విరిగిపోతుంది.

1994లో జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్‌కు బయాస్ అనే 512 కిలోబైట్ల ఫైలు వేరుగా కావాలి. జపాన్‌కు 5500, అమెరికాకు 5501, యూరప్‌కు 5502 అని నమూనాను బట్టి పేర్లుంటాయి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా నల్లటి తెర తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. ఎమ్యులేటర్ తయారుచేయడానికి అసలు యంత్రపు కోడ్‌ను విప్పి చదవడం న్యాయమైన వినియోగమేనని అమెరికా అప్పీళ్ల కోర్టు సోనీ, కనెక్టిక్స్‌ల కేసులో 2000లో తేల్చింది కాని, ఆ బయాస్ మాత్రం ఇప్పటికీ కంపెనీ సొత్తే. కనుక సొంత యంత్రం నుంచి తీసుకున్నదే వాడాలి. సీడీ ఆటల్లో మరో మెలిక ఉంది. బిన్ ఫైలులో ఆట ఉంటుంది, క్యూ ఫైలులో ఆ బిన్ పేరు రాసి ఉంటుంది. అందం కోసం బిన్ పేరు మార్చి క్యూలో మార్చడం మరిచిపోతే, చిరునామా మారిన ఇంటికి పాత ఉత్తరం వెళ్లినట్టే. మూడు డిస్కుల ఫైనల్ ఫ్యాంటసీ సెవెన్ కోసం, డిస్కు మార్చవలసి వచ్చినప్పుడు ఇబ్బంది కలగకూడదని, మూడింటినీ వరుసగా పేర్కొనే ఎం3యూ ఫైలు ఒకటి ప్రత్యేకంగా రాసి పెట్టుకున్నాను. మొదటి డిస్కు ఇంకా మొదలుపెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ముందుచూపున్న వారిని నిరుత్సాహపరచడానికి పుట్టించినదని నా నిశ్చితాభిప్రాయం.

కంట్రోలర్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తలచుకుంటేనే రక్తపోటు పెరుగుతుంది. నింటెండో వారి ఏ బటన్ కుడివైపు ఉంటుంది. ఎక్స్‌బాక్స్ వారి ఏ బటన్ కింద ఉంటుంది, కుడివైపున ఉండేది బీ. అక్షరాన్ని నమ్మాలా, స్థానాన్ని నమ్మాలా అన్న ప్రశ్నకు నేను అన్ని ఆటలకూ ఒక నియమం పెట్టాను, కోర్‌కు (ఒక్కో యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ భాగానికి) ఒక మినహాయింపు, ఫోల్డర్‌కు మినహాయింపుకు మినహాయింపు, ఆటకు దాని మీద సవరణ పెట్టాను. ఇప్పుడు మెనూలో ‘సరే’ అని నొక్కితే వెనక్కి వెళ్తుంది, ‘వెనక్కి’ అంటే ఎమ్యులేటర్ మూసుకుపోతుంది. కాని ఇది పూర్తిగా క్రమబద్ధమైన ప్రవర్తన.

నేను అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించినది బొమ్మ మీద. సూపర్ నింటెండో చాలా ఆటల్లో గీసేది 256 అడ్డం, 224 నిలువు చుక్కలు మాత్రమే. ఆ చుక్కలను ఈనాటి తెర మీద అద్దంలా స్పష్టంగా చూపడం ఏ కంప్యూటర్‌కైనా చిటికెలో పని. అది అనాగరికం. పాత గాజు టీవీల మీద ఆ చుక్కలు ఒకదానిలోకి ఒకటి కరిగేవి, మధ్యలో నల్లని గీతలుండేవి, తెర అంచులు ఒంగేవి. ఆ లోపాలన్నిటినీ లెక్కగట్టి తిరిగి తెప్పించే ప్రోగ్రాములే షేడర్లు. నలభై కిలోబైట్ల ఆటను తగినంత మసకగా చూపించడానికి నా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ విమానం ఎగిరినట్టు మోగుతుంది. చిత్రాన్ని పాడుచేయడానికి ఇంత విద్యుత్తు ఎందుకని మా అక్క అడిగింది. ఆవిడ కొడుకు పెంపకం ఎలా ఉందో ఆ ప్రశ్నలోనే తెలుస్తుంది.

ఎందుకంటే విచారణలో తేలిన వివరాలు ఇవి. వాడు నేను అమర్చిన అందమైన మెనూలోకి వెళ్లనే లేదు. ‘తీసేయవలసినవి’ ఫోల్డర్ తెరిచి, పేరు చివర చెడిపోయిన ప్రతి అన్న గుర్తున్న ఫైలును రెండుసార్లు నొక్కాడు. అది నడిచింది. అది నడవకూడదు! నల్లని గీతలు అడ్డంగా ఉన్నాయని షేడర్ తీసేశాడు. పక్కల ఖాళీ ఉందని చిత్రాన్ని తెరంతా సాగదీశాడు. నాలుగుకు మూడు నిష్పత్తిలో సన్నగా పరుగెత్తవలసిన మారియో, పదహారుకు తొమ్మిదిలో ఒళ్లు వచ్చిన పెద్దమనిషిలా నాలుగో లోకం దాకా గెంతుకుంటూ వెళ్లాడు. నేను పొరలు పొరలుగా అమర్చిన బటన్ల మినహాయింపులేవీ వాడికి అడ్డు రాలేదు. వాడు కీబోర్డుతో ఆడాడు. “బాగుందా?” అని అడిగాను, గొంతు వణకకుండా. “భలే ఉంది మామయ్యా. నాలుగు-రెండులో ఆపాను, సేవ్ చేశాను. వచ్చే ఆదివారం వచ్చి పూర్తిచేస్తా” అన్నాడు. నాలుగు-రెండు అంటే నాలుగో లోకంలో రెండో అంచె.

ఆ మాటతో నా మనసు కలత చెంది, ఆ రాత్రి యంత్రాన్ని శుద్ధి చేయాలని కూర్చుని, ఎమ్యులేటర్ కోర్‌ను తాజా కూర్పుకు మార్చాను. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన ఎమ్యులేటర్ మెదడులో ఉన్నదంతా తీసిన అచ్చు. కూర్పు మారితే మెదడు ఆకారం మారుతుంది, పాత అచ్చు అందులో పట్టకపోవచ్చు. పట్టలేదు. ఈ ఆటకు సొంతంగా సేవ్ చేసుకునే బ్యాటరీ లేదు, పాస్‌వర్డ్ లేదు. పిల్లవాడి నాలుగు-రెండు పోయింది. ఇతరుల చరిత్రను భద్రపరచడమే వృత్తిగా పెట్టుకున్నవాడి చేతిలో అది పోవడం ఎంత అప్రతిష్ఠో వేరే చెప్పనక్కరలేదు.

దారి ఒక్కటే మిగిలింది. వాడు వచ్చేలోగా నేనే అక్కడిదాకా ఆడి, అదే చోట సేవ్ చేసి, ఏమీ ఎరగనట్టు ఉండాలి. సిద్ధాంతపరంగా ఇది కష్టం కాదు. ఒకటి-రెండు చివర, పైకప్పు మీదుగా నడిచి వెళ్తే, నేరుగా నాలుగో లోకానికి తీసుకెళ్లే గొట్టం ఉందని నాకు తెలుసు. దాని మ్యాపు నాలుగు స్పష్టతల్లో నా దగ్గర ఉంది. కాకపోతే దానికి ముందు ఒకటి-ఒకటి దాటాలి. ఒకటి-ఒకటిలో మొదటి శత్రువు, గూంబా అనే గోధుమరంగు జీవి, ఏ దురుద్దేశం లేకుండా నిదానంగా ఎదురు వస్తుంది. నాలుగేళ్ల తరువాత తొలిసారి ఆట మొదలుపెట్టి, షేడర్ సరిచూసుకుని, నిష్పత్తి సరిచూసుకుని, నేను దాని ముందుకు వెళ్లి చనిపోయాను. రెండోసారీ దానికే చనిపోయాను. మూడోసారి ముందే ఎగిరాను. సరిగ్గా దాని ఎదుట దిగాను.

కారణం వెంటనే స్ఫురించింది. ఈ యంత్రం సెకనుకు 60 చిత్రాలు గీస్తుంది కనుక ఒక్కో ఫ్రేముకు పదహారున్నర మిల్లీసెకన్లకు కాస్త పైన. కంట్రోలర్ దగ్గర ఒక ఫ్రేము, షేడర్ దగ్గర ఒకటి, తెర దగ్గర మరొకటి ఆలస్యమైతే, నా వేలికి, మారియో కాలికి మధ్య యాభై మిల్లీసెకన్ల అగాధం ఏర్పడుతుంది. పిల్లవాడికి ఇది అడ్డు రాలేదంటే, వాడు ఆలస్యాన్ని గమనించేంత సూక్ష్మబుద్ధి కలవాడు కాదని అర్థం. ఎమ్యులేటర్ చాటుగా కొన్ని ఫ్రేములు ముందుకు ఆడి ఆ ఆలస్యాన్ని మింగేసే రన్-అహెడ్ అనే సదుపాయం ఉంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో కొలవకుండా నిర్ణయించడం అవివేకం. ప్రస్తుతం ఫోను కెమెరాను సెకనుకు 240 ఫ్రేముల వేగంలో పెట్టి, బటన్ నొక్కుతున్న నా వేలిని, ఇంకా ఎగరని మారియోను ఒకే చిత్రంలో పట్టే పనిలో ఉన్నాను. వీడియోల కోసం ‘ఆలస్యం కొలతలు’ అని ఏడో ఫోల్డర్ తెరిచాను. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.